పదమూడు పళ్ల చక్రం

దుర్గ మెచ్చుకున్న మగవాడు ఈ దీవుల్లో ఇంతవరకూ పుట్టలేదు. జెట్టీ మీద చేపలు వేలం వేసేవాడు ఆమె దృష్టిలో దద్దమ్మ. ఐసు కొట్టేవాడు సోమరి. ఆటోవాడు దొంగ. చేపలు కొనడానికి వచ్చే ఆఫీసు బాబులైతే అసలు మనుషుల కిందే జమ కాదు. మొప్పల్లో ఏం చూడాలో తెలియకపోయినా వాటిని ఎత్తి చూసి, అన్నీ తెలిసినట్టు తలాడించి, అప్పుడు బేరమాడతారు. ఈ జాబితాకి చిట్టచివర, ఎవరూ పోటీకి రాని చోట, ఆమె మొగుడు అప్పలరాముడు ఉన్నాడు.

అప్పలరాముడు చెడ్డవాడేం కాదు. చిన్న ఇంజను పడవ ఉంది, ఇక్కడివాళ్ళు డుంగీ అంటారు. రాత్రి దాన్ని వేసుకుని పోయి తెల్లవారేసరికి చేపతో జెట్టీకి చేరతాడు. సముద్రం మీద అతను బెదరడం ఎవరూ చూడలేదు. ఒడ్డుకి వచ్చి భార్య ఎదురుగా నిలబడితే మాత్రం మాట గొంతులోనే ఆగిపోతుంది. దుర్గ దానికి చేతకానితనం అని పేరు పెట్టింది, పద్దెనిమిదేళ్ళుగా ఆ పేరుతోనే పిలుస్తోంది.

దుర్గకి తన చెవి మీద మహా నమ్మకం. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఒడ్డున పెరిగిన ఆడవాళ్ళకి అబ్బే విద్య ఒకటుంది: మసక వెలుతురులో పడవ కంటికి ఆనకముందే ఇంజను మోత విని ఇది ఫలానావాళ్ళ డుంగీ అని చెప్పేస్తారు. మోత నిండుగా ఉంటే ఇంజను బాగున్నట్టు, నీరసంగా ఉంటే జబ్బు చేసినట్టు. నీళ్ళలో తిరిగే పంకా ఎంత పెద్దదైతే అంత లాగుడు. డుంగీలకి ఈ రెండు సూత్రాలూ సరిపోతాయి. దుర్గ వాటితోనే మిక్సీకి, కుట్టుమిషనుకి, చివరికి ఆస్పత్రి జనరేటరుకి కూడా తీర్పులు చెప్పేది.

ఆ చెవికి అస్సలు నచ్చనిది మొగుడి బండి. పాత వంద సీసీ మోటార్‌సైకిలు. ఒక్క సిలిండరు, సగం తుప్పు. పొద్దున్నే దానికి అటొకటి ఇటొకటి ప్లాస్టిక్ క్రేట్లు కట్టి, చేపా ఐసూ నింపి, జెట్టీ నుంచి బ్రూక్షాబాద్ ఎత్తు మీదున్న ట్రైనింగ్ హాస్టల్ మెస్సుకి అప్పలరాముడు తీసుకెళ్ళాలి. పోర్ట్ బ్లెయిర్‌కి బోర్డుల మీద పేరు మార్చారు గాని ఆ ఎత్తుని ఎవరూ తగ్గించలేదు. ఇక్కడివాళ్ళు చడావు అనే ఆ ఎత్తు సగం ఎక్కేసరికి బండి ఆయాసపడి ఆగిపోయేది. అతను దిగి, మిగతా సగం తోసుకుంటూ పోయేవాడు.

మెస్సు కాంట్రాక్టరు గణేశ్వరరావుకి ఆరున్నరకి చేప అందాలి. ఆలస్యమైతే మధ్యాహ్నం కూర ఆలస్యమవుతుంది, అతను వార్డెను చేత మాటలు పడాలి. రెండుసార్లు ఆలస్యమయ్యాక అతను దుర్గని పిలిచి మర్యాదగానే చెప్పాడు.

“దుర్గా దీదీ, ఇంకొక్కసారి ఇలా జరిగితే కోల్డ్ స్టోరేజీ వాళ్ళకి ఇచ్చేస్తాను. నన్ను తప్పుపట్టకండి.”

మెస్సు పోతే సంసారం నడవదు. గోల్ ఘర్ రోడ్డు పక్కన దుర్గ పెట్టే గంపకి ఒక రోజు గిరాకీ ఉంటుంది, నాలుగు రోజులు ఉండదు. వాన పడినా, జెట్టీలో చేప కుప్పలు పడినా, పండగైనా, శ్రావణమైనా మానకుండా రోజూ కొనేది ఆ మెస్సు ఒక్కటే. ఆ సంగతి దుర్గకీ తెలుసు, అప్పలరాముడికీ తెలుసు.

తెలిసి దుర్గ ఏం చేసిందంటే, మర్నాడు జెట్టీ మీద అందరూ ఉండగా బండి చుట్టూ ఒకసారి తిరిగి, చెవి ఒగ్గి, “ఓలమ్మా, ఇది బండేటి, మేక గదా! డొక్కెండిన మేక! దీనికీ మా మావకీ ఒక్కటే గొంతు” అంది.

జెట్టీ అంతా నవ్వింది. ఐసు కొట్టేవాడు సుత్తి దించి మరీ నవ్వాడు. అప్పలరాముడు కూడా నవ్వాడు, ఎటో చూస్తూ.

“నవ్వుతావేటి? గోల్ ఘర్ ఎల్లి ఆ యర్రయ్య తాతకి సూపించు. రెండు దినాల్లో బండి సడావ్ ఎక్కాల, అంతే” అని దుర్గ గంప నెత్తికెత్తుకుంది.

యర్రయ్య మీద కూడా ఆమెకి గొప్ప అభిప్రాయం లేదు. డెబ్బై దాటిన మేస్త్రీ. గోల్ ఘర్‌లో ఒక రేకుల షెడ్డు, అందులో విప్పి పడేసిన డుంగీ ఇంజన్లూ, పాత బండ్లూ, వాటి మధ్య స్టూలు మీద అతను. నోట్లో పాన్ ఉండగా ఎవరికీ జవాబివ్వడు. పాన్ ఎప్పుడూ ఉంటుంది. చవగ్గా చేస్తాడని మాత్రమే దుర్గ అక్కడికి పంపింది.

మధ్యాహ్నం అప్పలరాముడు నడిచి ఇంటికొచ్చాడు. దుర్గ పెరట్లో కత్తిపీట కడుగుతోంది.

“బండేది?”

“తాత కాడే ఉంచినాను.” అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. “గాలి ఫిల్టరు మూసుకుపోనాదంట, కడుగుతాడంట. కిలచ్ పేట్లు అరిగిపోనాయంట. మరి... సైను ముందు పక్క సిన్న సక్రం ఉంటాది సూడు, దానికిప్పుడు పద్నాలుగు పళ్ళున్నాయి. పదమూడు పళ్ళది ఎయ్యాలంటన్నాడు. ఎత్తు మీద బాగా లాగుద్దంట. సాఫు రోడ్డు మీద స్పీడు కొంచెం తగ్గుద్దంట గానీ...”

దుర్గ కత్తిపీట కింద పెట్టింది.

“ఉన్నదాని కన్నా సిన్న సక్రం ఎడితే బలం వొస్తాదా? ఏ దేశంలో? డుంగీకి సిన్న పంకా ఎట్టి సూడు, లాగుద్దేమో. తాతకి నోట్లో పళ్ళు ఊడిపోనాయని బండివి కూడా పీకుతానంటన్నాడా?”

“అలాక్కాదే. ఆడు సైకిలు తిప్పి సూపించినాడు. సిన్న సక్రం అయితే ఇంజను ఎక్కువ సుట్లు తిరుగుద్ది, ఒక్కో సుట్టుకీ బరువు తక్కువ పడుద్ది. నాకర్థమయినాది.”

“నీకా?” అంది దుర్గ.

ఒక్కమాటే అంది. అన్నాక మళ్ళీ కత్తిపీట కడగడం మొదలుపెట్టింది. అప్పలరాముడు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

యర్రయ్య చెప్పినదాంట్లో తప్పు లేదు. గేర్ల సైకిలు తొక్కే పిల్లల్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. పైగా అది ఆ షెడ్డులో దొరికే అన్నిటికన్నా చవకైన సామాను, బిగించడానికి ఒక పూట పని. దుర్గకి మాత్రం అది సామానులా కనబడలేదు. ఒక ముసలివాడి చాదస్తం, దాన్ని నమ్మిన ఒక వెర్రిబాగులవాడు, ఇద్దరూ కలిసి తన మెస్సుని ముంచుతున్నారని మాత్రమే కనబడింది. ఆ రోజంతా ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ ఆ చిన్న చక్రం కథ చెప్పి నవ్వించింది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం వీధి చివర ఒక మోత పుట్టింది. దుర్గ బట్టలు తీస్తోంది. ఎవరిదో పెద్ద బండి, పోలీసులదో నేవీ వాళ్ళదో అనుకుంది. మోత దగ్గరకొచ్చి వాకిట్లో ఆగింది. కోళ్ళు పక్కింటి గోడ ఎక్కాయి. బండి మీద అప్పలరాముడు కూర్చుని ఉన్నాడు.

“శివాజీ కాడ సేయించినాను” అన్నాడు.

శివాజీ సంగతి దుర్గకి తెలియంది కాదు. నిన్నమొన్నటి దాకా ఫోన్ల కవర్లు అమ్మినవాడు. ఇప్పుడు అదే కొట్టుకి అద్దాలు బిగించి, అగ్గిమంటల బొమ్మతో బోర్డు పెట్టి, బళ్ళ డాక్టరై కూర్చున్నాడు. అతని చదువంతా ఫోన్లో చూసిన వీడియోలే. ఎక్కడో బల్లపరుపు రోడ్ల మీద, ఉప్పుగాలి తగలని ఊళ్ళలో, ఖాళీ బళ్ళ మీద కుర్రాళ్ళు ఆడే ఆటల్ని అతను ఇక్కడ చేపల బళ్ళకి అమ్ముతాడు. వచ్చినవాణ్ణి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, చల్లని సీసా చేతికిచ్చి, “భయ్యా, మీ బండిలో పూరా దమ్ ఉంది. దాన్ని ఎవరో తొక్కి పెట్టారు, అంతే” అంటాడు. తనని ఎవరో తొక్కి పెట్టారని లోపల్లోపల అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి అతని కొట్టు బాగా నడుస్తోంది.

అప్పలరాముడు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. పాత పొడుగు సైలెన్సరు స్థానంలో పొట్టిగా, లావుగా, మూతి తెరుచుకున్న గొట్టం. పక్క డబ్బా పీకేసి, అందులో దాక్కున్న ఫిల్టరు బదులు బయటికి వేలాడే ఎర్రటి ఫిల్టరు. ఖరీదైన ప్లగ్గు. వెనక చక్రానికి వెడల్పాటి టైరు, చూడ్డానికి తప్ప ఎందుకూ పనికిరానిది. ట్యాంకు మీద రెండు పక్కలా మంటల స్టిక్కర్లు.

“ఇంజనుకి ఊపిరాడాలంట. ఎనకాల ఇడిసీది పెద్దదవ్వాల, ముందర పీల్సుకునీదీ పెద్దదవ్వాల. అప్పుడు ఏక్‌దమ్ పికప్ వొస్తాదంట” అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

“పైసలు?”

“వొల ఒకటి ఎక్కువుంది గదా, అమ్మీసినాను.”

మరోరోజైతే ఆ వల పేరు చెప్పి దుర్గ వీధినంతా ఏకం చేసేది. ఆ రోజు చెయ్యలేదు. ఆమె వింటోంది. బండి ఇంకా ఆగలేదు, ఆ లావు గొట్టంలోంచి మోత దడదడమని వస్తూ గుండెలకి తగులుతోంది. అది చుట్టుపక్కల ఏ డుంగీకీ లేని గొంతు.

“మల్లా ఓపాలి తిప్పు” అంది.

అతను తిప్పాడు. కిటికీ చువ్వలు అదిరాయి.

“బాగుంది” అంది దుర్గ.

అప్పలరాముడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పద్దెనిమిదేళ్ళలో ఆమె ఆ మాట చేపల గురించి అనడం విన్నాడు, అదీ పది మాట్లు లేదు. బరువు కట్టి ఎత్తెక్కించి చూశావా అని ఆమె అడగలేదు. ఖాళీ బండితో ఎక్కి వచ్చానని అతనే చెప్పాడు, బ్రహ్మాండంగా ఎక్కిందన్నాడు. ఖాళీ బండి అంతకుముందూ ఎక్కేది. ఆ ముక్క ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. రాత్రి అన్నంలో దుర్గ పెద్ద ముక్క అతని కంచంలోనే వేసింది.

అంతటితో ఆగినా సరిపోయేది. చేతులు కడుక్కుని దుర్గ ఫోన్ తీసి గణేశ్వరరావుకి కొట్టింది.

“సారూ, రేపు ఆరుంబావుకి నీ గేటు కాడ నిలబడు. మా బండి జెట్టీ కాడ కదిలితే నీకక్కడ ఇనబడతాది. రోజూ గడియారం పట్టుకుని దిక్కులు సూత్తావు గదా, రేపు దాన్ని తీసి పప్పు డబ్బాలో పారీ. గంటె తిప్పుకునీ మనిసివి, సముద్రం మీద బతికీవోళ్ళకి టైము సెప్పొచ్చినావు! ఇప్పుడు సెప్పు సూద్దారి!”

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. గణేశ్వరరావు “సరే దీదీ” అని పెట్టేశాడు.

“సూసినావా? నోరు పడిపోనాది” అని దుర్గ మొగుడి వైపు చూసి కళ్ళెగరేసింది. ఆ రాత్రి ఆమెకి మంచి నిద్ర పట్టింది.

తెల్లవారి జెట్టీ మీద క్రేట్లు కట్టారు. సూర్మయి, అదే వంజరం, ఆ రోజు బాగా పడింది, దుర్గ ఐసు కూడా మామూలు కన్నా ఎక్కువ వేయించింది. అప్పలరాముడు కిక్కు కొట్టగానే జెట్టీ అంతా తల తిప్పింది. వేలం ఆగిపోయింది. మేక అని నవ్వినవాళ్ళే నోరు తెరుచుకుని చూశారు. ఒక పెద్దావిడ, “ఏటే దుర్గా, మీ ఆయన ఓడ ఇంజను ఎట్టించినాడేటే?” అంది. జెట్టీకి జెట్టీయే మోతకి మోసపోయింది. అక్కడ దుర్గకి ఉన్న చెవే అందరికీ ఉంది.

బండి రోడ్డెక్కింది. దుర్గ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మోత మలుపు తిరిగింది, చడావు మొదట్లోకి చేరింది. గేరు తగ్గించాడు. మోత ఇంకా పెరిగింది. మళ్ళీ గేరు తగ్గించాడు. ఇప్పుడది కొండ మీది నుంచి జెట్టీ మీదికి దొర్లి వస్తున్నట్టుంది. దుర్గ చుట్టూ చూసి, ఎవరెవరు వింటున్నారో గమనించుకుంది.

అంతలో మోత దగ్గింది. ఒకసారి, రెండుసార్లు. టప్పుమని పేలింది. ఆ తర్వాత ఇంకేమీ వినబడలేదు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, ఎవరి మీదైనా ఎగిరి పడటానికి వీలుండేది. దుర్గ గంప అక్కడే వదిలేసి, తను దొంగ అనే ఆటోవాడి ఆటోలోనే ఎక్కి, “సడావ్ కాడికి, జల్దీ” అంది.

అప్పలరాముడు దిగి తోస్తున్నాడు. నీచు కంపని ఆటోవాడు క్రేట్లు ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయాడు. లావు టైరు క్రేటు కట్టిన ఇనప చట్రానికి ఒరుసుకుని ఒక పక్క అరిగిపోయింది. క్రేటు అడుగు కన్నంలోంచి ఐసు నీళ్ళు, చేప నెత్తురుతో ఉప్పుతో కలిసి, తిన్నగా ఆ ఎర్ర ఫిల్టరు మీదికే కారుతున్నాయి. ఫిల్టరు తడిసి ముద్దయింది. పాత డబ్బా ఉంటే ఆ నీళ్ళు దాని మీంచి జారి రోడ్డు మీద పడేవి. చేపల బండికి కింద నీళ్ళు కారతాయని తెలియడానికి వీడియో చూడక్కర్లేదు, జెట్టీకి ఒక్కసారి వస్తే చాలు. శివాజీ రాలేదు. అప్పలరాముడికి తెలుసు, కాని అద్దాల కొట్టులో తిరిగే కుర్చీలో కూర్చుని ఆ సంగతి అడగడానికి అతనికి సిగ్గేసి ఉంటుంది.

“నీళ్ళు తాగీసినాది” అన్నాడు.

అప్పుడు దుర్గ నోరు తెరిచింది. వెనక నుంచి బండి తోస్తూనే తెరిచింది. వలతో మొదలుపెట్టింది. శివాజీ జుట్టు రంగు నుంచి అతని అమ్మ పెంపకం దాకా వచ్చింది. అక్కణ్ణించి అప్పలరాముడి బుర్రలోకి, అతని అన్నదమ్ముల బుర్రల్లోకి, వాళ్ళ ఊళ్ళో ఇంతవరకూ బుర్ర అనేది ఎవరికైనా ఉందా అన్న విచారణలోకి వెళ్ళింది. దారిన పోయేవాళ్ళు స్కూటర్లు నెమ్మది చేసి విన్నారు. నిన్న సాయంత్రం బాగుంది అన్నది ఎవరో ఆ విచారణలో ఎక్కడా రాలేదు. అతను తోస్తూనే ఉన్నాడు. మంటల స్టిక్కరు ఒకటి అతని మోకాలికి అంటుకుని ఊడొచ్చింది.

గేటు చేరేసరికి ఏడుకి పది నిమిషాలు. లోపల కోల్డ్ స్టోరేజీ వేన్ నిలబడి ఉంది, వంటవాళ్ళు అప్పటికే చేప తూకం వేయించి దించుకుంటున్నారు. గణేశ్వరరావు గేటు దగ్గరికొచ్చాడు.

“మోత విన్నాను దీదీ. మీరు చెప్పినట్టే ఆరుంబావు నుంచి ఇక్కడే నిలబడ్డాను. ఆగిపోవడం కూడా విన్నాను.”

వంటవాళ్ళు నవ్వారు. దుర్గ బండి హ్యాండిలు పట్టుకుని గేటు నుంచి వెనక్కి తిప్పింది.

సూర్మయి అంతా ఎండెక్కాక గోల్ ఘర్‌లో కొనేవాళ్ళు అడిగిన రేటుకి పోయింది. బండిని తోసుకుంటూ యర్రయ్య షెడ్డుకి తీసుకెళ్ళారు. దుర్గ దారంతా ఒక యుద్ధానికి సిద్ధపడుతూ నడిచింది. ముసలాయన నవ్వుతాడు, నే చెప్పలేదా అంటాడు, అన్నాడంటే అతనికి ఆవిడ చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

యర్రయ్య నవ్వలేదు. వంగి ఎర్ర ఫిల్టరు పిండాడు. నీచు నీళ్ళు కారాయి. పాన్ పక్కకి ఉమ్మి వచ్చి, “పాత డబ్బా ఆడే ఉంచీసుకున్నాడా? పర్లేదు, నా కాడుంది” అన్నాడు. తర్వాత అరలోంచి కాగితం పొట్లం ఒకటి తీసి విప్పాడు. అందులో నూనె రాసిన చిన్న చక్రం ఉంది. పొట్లం మీద పెన్సిలుతో అప్పలరాముడి పేరు రాసుంది.

“ఇది మా ఆయన వొద్దన్నాడు గదా తాతా?” అంది దుర్గ.

“ఎందుకొద్దంటాడమ్మా? ఎయ్యమన్నాడు. బండికి స్టేండేసి, సైను కూడా ఇప్పీసినాను. అంతలో, ఒక్కపాలి ఇంటికాడ సెప్పొస్తాను తాతా అని ఎల్లాడు. గంటయినాక వొచ్చి, వొద్దులే, మల్లీ బిగించీ అన్నాడు. మొకం సూసి నానేటీ అడగనేదు.”

దుర్గ మొగుడి వైపు చూసింది. అతను షెడ్డు మూల పానాలు సర్దుతున్నాడు, ఎవరూ సర్దమనకపోయినా. ఆమెకి సిగ్గేసింది. ఆ సిగ్గు ఒంటికి సరిపడక వెంటనే కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. “మరి గట్టిగా సెప్పొచ్చు గదా నాతో” అనబోయి, గట్టిగా చెప్పిన మనిషిని తను ఏం చేస్తుందో గుర్తొచ్చి ఊరుకుంది.

సాయంత్రానికి పని అయిపోయింది. పాత సైలెన్సరు, పాత డబ్బాలో మామూలు ఫిల్టరు, మామూలు ప్లగ్గు, కొత్త క్లచ్ ప్లేట్లు, సన్న టైరు, ముందు పదమూడు పళ్ళ చక్రం. యర్రయ్య క్రేట్లలో ఇసుక నింపి కట్టించి, దుర్గని కూడా వెనక ఎక్కమన్నాడు. బండి చడావు ఎక్కింది. ఆటోలు దాటిపోయాయి, స్కూలు పిల్లల స్కూటీ కూడా దాటిపోయింది. అయినా అది ఎక్కడా ఆగకుండా, ఒకే గేరులో, పైదాకా ఎక్కేసింది. దుర్గ దారి పొడుగునా దాని చప్పుడు వినడానికి చూసింది. గాలి హోరులో సరిగ్గా వినబడనే లేదు.

వారం రోజులు మెస్సు లేకుండా గడిచింది. దుర్గ చేతికున్న గాజు ఒకటి తాకట్టుకి వెళ్ళింది. ఎనిమిదో రోజు జెట్టీ మీద అప్పలరాముడు క్రేట్లు నింపి కడుతూ, “మెస్సు కాడికి ఎల్తన్నాను. నాను అడుగుతాను” అన్నాడు.

“నానూ వొత్తాను.”

“రా. గేటు బయటుండు.”

ఆ గొంతు దుర్గ ఇంతకు ముందు వినలేదు. గట్టిగా లేదు, అయినా రెండోసారి చెప్పించుకునేలా లేదు. ఆమె వెనక ఎక్కింది. ఆరుంబావుకల్లా పైకి చేరారు. అతను బండి నడిపించుకుంటూ లోపలికి పోయాడు. ఆమె గోడవార నిలబడి, కొంగు వేలికి చుడుతూ విప్పుతూ, లోపల అతను నంగినంగిగా ఏం నసుగుతున్నాడో, తనే ఉంటే రెండు ముక్కల్లో ఎలా తేల్చేసేదో ఊహించుకుంది.

పావుగంట తర్వాత అతను బయటికొచ్చాడు. రెండు క్రేట్లూ ఖాళీ.

దుర్గకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. “తీసుకున్నాడా?”

“తీసుకున్నాడు. రేపటి నుంచి రోజూ తెమ్మన్నాడు. ఐసుగడ్డ సేప పిల్లలు ముట్టుకోనేదంట.”

“సూసినావా మరి! ఇరవై నిమసాలు లేటయినాదని అంత ఎగిరినాడు గదా ఆ గంటె...”

“లేటు గురించి కాదంట” అన్నాడు అప్పలరాముడు. అతను క్రేట్ల తాళ్ళు బిగిస్తున్నాడు, ఆమె వైపు చూడలేదు. “ఆ దినం మనం ఆరుంబావుకి ఎల్లినా తీసుకోడంట. ముందు రాత్రే వేన్ వోడికి ఫోన్ సేసీసినాడు. నువ్వు మాటాడినప్పుడు ఆడి సేతులకి పిండుందని ఫోన్ స్పీకర్లో ఎట్టున్నాడంట. వొంటోళ్ళందరూ ఇన్నారంట. వారం దినాలు ఆణ్ణి పప్పు డబ్బా సారూ అని పిలిసినారంట.”

వేన్ ఆ రోజు తమకన్నా ముందే వచ్చి తూకం వేయించుకుంటూ ఉండటం దుర్గ కళ్ళారా చూసింది. అప్పుడు ఎందుకా అని తట్టలేదు. బండి ఆగకపోయినా, ఆ ఫిల్టరు తడవకపోయినా, వల అమ్మకపోయినా, మెస్సు ఆ రాత్రి తన నోటితోనే పోయింది. ఆమె గోడకి ఆనుకుంది.

“ఇప్పుడిచ్చినాడు గదా. మరింకేటి?” అంది, గొంతు తగ్గించి.

“ఒక కండిసన్ ఎట్టినాడు. నువ్వు ఫోన్ సెయ్యకూడదంట. గేటు లోపలికి కూడా రాకూడదంట. ఏటున్నా నాతోనే మాటాడతాడంట.”

దుర్గకి రోషం నషాళానికి అంటింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, అవి ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. తన కష్టం, తన బేరం, తన చేత్తో ఏరి ఐసులో పేర్చిన చేప; దాని వెంట తను మాత్రం గేటు దాటకూడదు. నోటికి మంచి మాటే వచ్చింది, గణేశ్వరరావు జన్మలో మరిచిపోలేని మాట. దాన్ని పళ్ళ వెనకే పట్టి ఉంచి మొగుడి ముఖంలోకి చూసింది. ఆ మాట అతని నోటి నుంచి రావాలని ఆమెకి మొదటిసారి అనిపించింది. మా ఇంటిదాన్ని అంత మాటంటావా అని అతను ఒక్క ముక్క అని ఉంటే చాలు.

“మరి నువ్వేటన్నావు?” అంది.

అప్పలరాముడు కాలు వేసి కిక్కు కొట్టాడు. బండి మొదటి దెబ్బకే అందుకుంది. ఆమె ఎక్కడానికి వీలుగా క్రేటు కొంచెం వెనక్కి జరిపాడు.

“సరేనన్నాను” అన్నాడు.